ఆ వచనానికి ముందున్న వచనం

గుంటూరు నుంచి ఒక నర్సు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. సగం నీలం సిరా, సగం నలుపు. కొంత రాత్రి డ్యూటీలో, కొంత ఇంటికి వచ్చాక రాసి ఉంటారు. పేరు వేయవద్దన్నారు. వయసు 31. జీఎన్‌ఎం అనే నర్సింగు కోర్సు చదివి తొమ్మిదేళ్లుగా ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పనిచేస్తున్నారు. భర్త మెకానిక్, నాలుగేళ్ల బాబు, కలిసి ఉండే అత్తగారు. తండ్రి చిన్నప్పుడే పోతే, తల్లి మిర్చి యార్డు దగ్గర రంగు పోయిన తాలుకాయలు ఏరే కూలికి వెళ్లి చదివించారు.

రెండేళ్ల కిందట ఒక రాత్రి, ఎనిమిది గంటల్లో ఎక్కాల్సిన అర లీటరు సెలైను ఒక పెద్దాయనకు రెండు గంటల్లో ఎక్కిపోయింది. ఆయాసం వచ్చింది. ఈమే గమనించి సెలైను ఆపి, డ్యూటీ డాక్టరును పిలిచి, ఆక్సిజన్ పెట్టి, చెప్పిన ఇంజెక్షన్ ఇచ్చారు. తెల్లవారేసరికి ఆయన కుదుటపడ్డారు. కానీ ఉదయం రౌండ్లకు వచ్చిన పెద్ద డాక్టరు వార్డులో అందరి ముందు "నీకు నర్సు ఉద్యోగం ఎవరిచ్చారు?" అన్నారు. అప్పటి నుంచి ప్రతి మందూ మూడుసార్లు చూసుకుంటున్నారు. డ్యూటీ దిగి బస్టాపు దాకా వచ్చి, మళ్లీ వార్డుకు వెళ్లి చూసుకుని వస్తున్నారు.

ఇప్పుడు ఆ ఆస్పత్రివారే వార్డు ఇన్‌ఛార్జిగా ఉండమంటున్నారు. జీతం మూడు వేలు పెరుగుతుంది. నెలాఖరులోగా చెప్పాలి. ఈమె కాదంటే, ఈమె దగ్గర పని నేర్చుకున్న అమ్మాయికి ఇస్తారు.

దీనికి తోడు ఇంట్లో ఇంకో బరువు. అత్తగారు శుక్రవారం స్త్రీల ప్రార్థన కూడిక నడిపిస్తారు. "నీ మీద నీకు నమ్మకం లేదంటే నిన్ను చేసిన దేవుడి మీద లేనట్టే" అని కోడలికి బైబిల్లోని యాకోబు పత్రిక తీసి చదివారు: సందేహించువాడు గాలిచేత రేపబడి యెగిరిపడు సముద్ర తరంగమును పోలియుండును. ఎవరో చెప్పారని ఈమె 40 రోజులు అద్దం ముందు నిలబడి "నేను రాజాధిరాజు కుమార్తెను, తలనే గాని తోకను కాను" అని పలికారు. 41వ రోజు ఇంజెక్షన్ ఎక్కిస్తుంటే చేయి వణికింది. కూడికలో, దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరూ లేచి చెప్పే సాక్ష్యాలు మొదలుకాగానే మంచినీళ్ల వంకతో వంటగదిలోకి వెళ్లిపోతున్నారు. "నా మీద నాకు నమ్మకం లేదు కాబట్టి నా విశ్వాసం కూడా అబద్ధమేనా? ఇన్‌ఛార్జి పని ఒప్పుకోవాలా, వద్దా?" అని అడిగారు.

సమాధానం

అమ్మా, మీ ఉత్తరాన్ని రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. జీఎన్‌ఎం పాసవడం "దేవుని కృప". ఉద్యోగం రావడం "దేవుని కృప". 2021లో కరోనా రెండో విడతలో వార్డులో పనిచేసి క్షేమంగా ఇంటికి రావడం కృప. ఇలా ఏడు చోట్ల రాశారు. సెలైను తొందరగా ఎక్కడం "నా చేతగానితనం". బాబుకు జ్వరం వచ్చిన రోజు మీకు సెలవు ఇవ్వకపోవడం కూడా "నా చేతగానితనం" ఎలా అయిందో నాకు అర్థం కాలేదు. ఆ మాట తొమ్మిది చోట్ల ఉంది. జమ అంతా దేవుడి పేరున, ఖర్చంతా మీ పేరున రాసిన పద్దు పుస్తకం ఇది. ఇలా రాసుకుంటూ పోతే ఇంకో ముప్పై ఏళ్లు పనిచేసినా మీ పేరున బాకీయే మిగులుతుంది. దీన్ని మీరు వినయం అనుకుంటున్నారు. నాకు మాత్రం లెక్క తప్పినట్టు కనిపిస్తోంది.

నేనూ గుడి బల్లల మీద పెరిగినదాన్నే. మహిమ దేవునికి చెల్లించమని మనకు నేర్పారు, నిజమే. మన చేతులకు రావలసిన కూలి ఎగ్గొట్టమని ఎవరూ నేర్పలేదు. మీ ఊరి సంగతే చూడండి. డాక్టర్ అన్నా కుగ్లర్ లూథరన్ మిషన్ తరఫున 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చారు. స్త్రీల కోసం ఆస్పత్రి తెరిచేసరికి 1898 అయింది. అంటే 15 ఏళ్లు. 1930లో ఇక్కడే కన్నుమూశారు. తాను చేసేది దేవుని పని అని నమ్మి చేసిన మనిషి. అయినా గుంటూరు జనం ఆ ఆస్పత్రిని ఇప్పటికీ కుగ్లర్ ఆస్పత్రి అనే అంటారు. అందువల్ల దేవుడి మహిమకు లోటు వచ్చిందని ఏ పాస్టరుగారూ అనగా నేను వినలేదు.

తలాంతుల ఉపమానం మీకు కంఠతా వచ్చే ఉంటుంది. యజమాని ప్రయాణమై వెళ్తూ ముగ్గురు దాసులకు తన డబ్బు అప్పగించాడు. తిరిగి వ్యాపారం చేసింది ఇద్దరు దాసులు. తిరిగొచ్చిన యజమాని "అంతా నా పెట్టుబడి మహిమే" అనలేదు. "భళా, నమ్మకమైన మంచి దాసుడా" అని వారిని మెచ్చుకున్నాడు. ఇక భయపడి గోతిలో దాచిన మూడోవాడు ఏమన్నాడు? నాకు వ్యాపారం రాదు అనలేదు. "నీవు కఠినుడవు" అన్నాడు. వాడి భయం యజమాని ఎలాంటివాడన్న దగ్గర మొదలైంది. మీరు గోతిలో దాచారని నేను అనడం లేదు. తొమ్మిదేళ్లు రాత్రి డ్యూటీలు చేసినవారిని అలా అనడానికి నాకు నోరు రాదు. నా అనుమానం వేరు. మీరు ప్రార్థనకు మోకరించినప్పుడు, అవతల ఉన్నది కఠినుడైన యజమానే అనిపిస్తోందా? ఆ గొంతు కాస్త ఆ పెద్ద డాక్టరుగారి గొంతులా ఉంటోందా? మీ మూడో పేజీలో "దేవుడు కూడా నన్ను చూసి అలాగే అనుకుంటాడేమో" అన్న వాక్యం కొట్టేసి ఉంది. కొట్టేసినా కనిపిస్తోంది.

ఇప్పుడు అత్తయ్యగారు చదివిన వచనం దగ్గరికి వద్దాం. అది యాకోబు పత్రిక ఒకటో అధ్యాయంలో ఆరోది. దానికి ముందు ఐదోది ఉంది కదా. జ్ఞానం కొదువగా ఉన్నవాడు దేవుణ్ని అడగాలని చెప్పి, ఆయన "ఎవనిని గద్దింపక అందరికిని ధారాళముగ దయచేయువాడు" అంటుంది. గద్దింపక. తెలియదని అడిగినవాణ్ని అందరి ముందూ నిలబెట్టి తిట్టడట. ఆరో వచనంలోని సందేహం ఈ మాటకు ముడిపడి ఉంది: అడిగితే ఇస్తాడో, విసుక్కుంటాడో అని ఊగిసలాడే మనసును అది అలతో పోల్చింది. డ్రిప్పు చుక్కలు సరిగా లెక్కపెట్టానో లేదో అన్న అనుమానం గురించి యాకోబు రాయలేదు. వచనం మధ్యలోంచి అందుకుంటే వచ్చే చిక్కు ఇదే. మీకు ధైర్యం చెప్పాల్సిన పేజీ మీ నెత్తిన దెబ్బ అయింది.

మీ విశ్వాసం అబద్ధమా అన్న ప్రశ్నకు నేను తీర్పు చెప్పలేను, చెప్పే హక్కూ లేదు. కానీ మార్కు సువార్తలో జబ్బు బిడ్డను యేసు దగ్గరికి తెచ్చిన తండ్రి ఒకడున్నాడు. నమ్ముతున్నానన్నాడు, ఆ నోటితోనే నా అపనమ్మకానికి సాయం చేయమన్నాడు. ముందు సందేహం తీర్చుకుని రా, తరువాత చూద్దాం అని యేసు అతణ్ని వెనక్కి పంపలేదు. బిడ్డ బాగుపడ్డాడు.

ఇక ఆ రాత్రి సంగతి. ఇక్కడ కాసేపు మీ అమ్మగారి పని మనం చేద్దాం. ఆమె కుప్ప ముందు కూర్చుని రంగు పోయి తెల్లబారిన కాయను ఒక పక్కకు, ఎర్రకాయను ఒక పక్కకు వేస్తారు. నాలుగు తాలుకాయలు కనిపించాయని బస్తా అంతా తాలే అనరు. ఆ తాలునూ పారేయరు, దానికీ యార్డులో ఒక ధర ఉంది. మీరు మాత్రం ఆ రాత్రి మొత్తాన్ని ఒకే బస్తాలో కుక్కి తాలు అని రాసేశారు.

మీరు రాసినదాన్నే విడదీస్తాను. అర లీటరు, ఎనిమిది గంటలు, మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెలైను గొట్టం సెట్టు. నిమిషానికి 21 చుక్కలు. అంతే పెట్టానని, గడియారం చూసి లెక్కపెట్టానని రాశారు. ఎర్రకాయ. తరువాత ఆ పెద్దాయనను బాత్రూముకు తీసుకెళ్లిన బంధువు సీసా తీసి మళ్లీ తగిలించాడు, చుక్కల వేగం సరిచేసే రోలరు కదిలింది. రోగి లేచి వచ్చాక డ్రిప్పు మళ్లీ చూడాలి, మీరు చూడలేదు. అది తాలే. మీ తప్పేమీ లేదని నేను అనను, అంటే మీరే నమ్మరు. కానీ ఎందుకు చూడలేదు? రెండో పేజీ అడుగున, ఏదో గుర్తొచ్చినట్టు, ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయారు: ఆ రాత్రి రెండో సిస్టర్ సెలవులో ఉంటే 28 మందికి మీరొక్కరే. ఈ కాయను మీ కుప్పలో వేయడానికి నేను ఒప్పుకోను. అది డ్యూటీ చార్టు రాసినవారిది. ఇక ఆయాసం గమనించింది ఎవరు? సెలైను ఆపింది ఎవరు? జరిగింది దాచకుండా కేసు షీటులో రాసింది ఎవరు? నాలుగు పేజీల్లో ఎక్కడా వీటికి మీ పేరు రాసుకోలేదు.

అద్దం ముందు పలికిన మాటలు పనిచేయలేదని సిగ్గుపడుతున్నారు. అవి మీ ఒక్కరి దగ్గరే ఓడిపోలేదు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో జోవాన్ వుడ్, ఆమె తోటివారు 2009లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. తమను తాము తక్కువగా చూసుకునేవారితో "నేను ప్రేమకు తగిన మనిషిని" అని పదేపదే అనిపిస్తే, వారి మనసు తేలికపడక పోగా ఇంకాస్త కుంగింది. పైకి ఆ మాట అంటున్నంతసేపూ లోపల ఇంకో గొంతు కాదు కాదంటూ సాక్ష్యాలు తీస్తుందన్నమాట. రాజకుమార్తెను అన్న మాట అబద్ధమని నేను చెప్పడం లేదు. బాప్తిస్మం రోజున మీకు వినిపించిన మాట అది, వరంగా వచ్చింది. నలభై రోజులు అని నిరూపించాల్సిన పాఠం అయ్యేసరికి అదీ ఒక పరీక్షే అయింది, అందులోనూ తప్పానని రాసుకున్నారు. యేసుకు బాప్తిస్మమప్పుడు "నీవు నా ప్రియకుమారుడవు" అని ఆకాశం నుంచి మాట వచ్చిందని మార్కు రాస్తాడు. అప్పటికి ఆయన ఒక్క అద్భుతం చేసినట్టు గానీ, ఒక్క ప్రసంగం చేసినట్టు గానీ ఆ సువార్తలో లేదు. అద్దం కొన్నాళ్లు జడ వేసుకోవడానికే ఉంచండి. కావాలంటే పడుకునే ముందు చిన్న నోటుబుక్కులో ఆ రోజు మీ చేతులు చేసిన ఒక పని రాయండి. "మూడో బెడ్డు అమ్మకు నరం దొరకడం లేదంటే రెండోసారికి దొరికించాను." కింద దేవునికి స్తోత్రం అని రాసుకుంటే మరీ మంచిది, పైన "నేను" ఉండాలి. (ఇన్‌ఛార్జి అంటే తల అనుకునేరు. పైనుంచి డాక్టర్లు, కిందినుంచి సిబ్బంది కలిసి పిసికే నడుము అది!)

బస్టాపు నుంచి వెనక్కి వెళ్లడం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే అది విశ్వాసం లెక్కలోకి వచ్చేది కాదు. సరైన రోగి, మందు, మోతాదు, మార్గం, సమయం అని ఐదూ చూసుకోవడం మీ వృత్తి ధర్మం. అది సందేహం కాదు, మానవద్దు. కానీ తరువాతి డ్యూటీకి వచ్చిన రిలీవరుకు అప్పగించి సంతకం పెట్టాక వెనక్కి వెళ్లడం, ఇంట్లో గ్యాసు నాలుగుసార్లు చూడడం, ప్రార్థనలో ఒక మాట తడబడితే మొదటి నుంచీ మళ్లీ చేయడం, ఇవి వేరు. మూడూ ఉన్నాయని మీరే రాశారు. ఇవి రోజులో గంటకు పైగా తినేస్తుంటే, లేదా ఆపుకుందామన్నా ఆగకపోతే మానసిక వైద్యుణ్ని కలవండి. దీనికి మాటలతో చేసే చికిత్సా ఉంది, మందులూ ఉన్నాయి. పనిచేసేచోట తెలుస్తుందని భయమైతే గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రి మానసిక విభాగానికి వెళ్లవచ్చు. అంతకంటే ముందు ఇంట్లోంచే 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్‌కు ఫోను చేయవచ్చు. ఉచితం, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. షుగరు ఉన్నవారికి ఇన్సులిన్ ఇస్తూ "ప్రార్థిస్తే చాలదా" అని మీరెప్పుడూ అనలేదు కదా.

ఇంకో మాట. వరసగా ఎన్ని రాత్రులు చేస్తున్నారో రాయలేదు. ఏలీయా ప్రవక్త అంతటివాడు బదరీచెట్టు కింద పడుకుని చావు కోరుకుంటే, దూత వచ్చి వాక్యం చెప్పలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి పెట్టాడు. మాటలు తరువాత.

ఇక ఇన్‌ఛార్జి పని. మూడు దారులు కనిపిస్తున్నాయి. ఏది పట్టినా మీ విశ్వాసం పెరగదు, తరగదు. దీన్ని ఆ తక్కెడలో వేయకండి.

ఒప్పుకుంటే మూడు వేలు వస్తాయి. డ్యూటీ చార్టు రాసే కలం కూడా మీ చేతికి వస్తుంది, 28 మందికి ఒక్కరిని వేయకుండా చూడడం కొంతవరకైనా మీ చేతిలో ఉంటుంది. కానీ ఆ పెద్ద డాక్టరుగారి పక్కన రోజూ రౌండ్లలో నడవాలి. మొదటి నెల ప్రతి ఉదయం కడుపులో తిప్పినట్టు ఉంటుంది. అది తెలిసి ఒప్పుకోవాలి.

కాదంటే కొన్నాళ్లు ఊపిరి ఆడుతుంది. అందులో పాపం లేదు. అయితే మీరు పని నేర్పిన అమ్మాయి మీ పైన ఉంటుంది, ఆ మాట రాసినప్పుడు మీ అక్షరాలు చిన్నవయ్యాయి. అది భరించలేననిపిస్తే ఇప్పుడే గుర్తించండి. కాదంటే మాత్రం "నాకు చేతకాదు" అని చెప్పకండి. "ఒక ఏడాది ఆగి ఆలోచిస్తాను, నా ఆరోగ్యం చూసుకోవాలి" అనండి. అది నిజం కూడా.

నాకు ఎక్కువ మనసు పోతున్నది మూడోదాని మీద. మూడు నెలలు తాత్కాలికంగా చేస్తానని, రెండు షరతులు కాగితం మీద పెట్టి అడగండి. రాత్రి ఎప్పుడూ ఇద్దరికి తక్కువ కాకూడదు. ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం క్లోరైడ్ లాంటి ప్రమాదకరమైన మందులు ఇచ్చే ముందు ఇద్దరు విడివిడిగా చూసి సంతకం చేయాలి. ఇది మీ బలహీనతకు ఊతకర్ర అనుకోనక్కరలేదు, మంచి ఆస్పత్రులు పాటించే పద్ధతే. అప్పుడు మీరు మూడుసార్లు చూసుకునే బదులు మీరొకసారి, ఇంకొకరు ఒకసారి చూస్తారు. యాజమాన్యం మొహం ముడుచుకోవచ్చు, కుదరదనవచ్చు, ఆ అమ్మాయికే ఇవ్వవచ్చు. అప్పుడు కూడా మీకు ఒక విషయం తెలుస్తుంది: తప్పు జరిగితే మళ్లీ మీ మీదకే తోస్తారని. అక్కడే ఉండాలా, వేరేచోట చూసుకోవాలా అన్నది ఆ తరువాత తీరికగా మీ ఆయనతో కూర్చుని మాట్లాడుకోవచ్చు.

అత్తయ్యగారితో కూడికలో వాదించకండి. నలుగురిలో చిన్నబోయిన బాధ మీకు తెలిసిందే, ఆమెకు అది పెట్టవద్దు. ఆమె మిమ్మల్ని పొడవాలని ఆ వచనం చదివారని నాకు అనిపించలేదు. వీధిలో "మా కోడలు సిస్టరమ్మ" అని చెప్పుకుంటారని మీరే రాశారు. మీకు సెలవున్న రోజు, భోజనాలయ్యాక ఆమె కళ్లద్దాలూ బైబిలూ తెచ్చి పక్కన కూర్చోండి. "అత్తయ్యా, యాకోబు ఒకటి మొదటి నుంచీ చదివి పెట్టండి" అనండి. ఐదో వచనం దగ్గర ఆపి, ఆ రాత్రి వార్డులో ఏం జరిగిందో చెప్పండి. ఉత్తరం చూస్తే ఆమెకు సగమే తెలుసు. వింటే మీకు కూడికలో ఒక తోడు దొరుకుతుంది. వినకుండా ఇంకో వచనం తీస్తే, ఆ రోజుకు ఊరుకుని మీ పాస్టరుగారి భార్యతో మాట్లాడండి. సాక్ష్యం చెప్పి తీరాలన్న నియమం మీ సంఘంలో ఉందనుకోను. గెలిచినవారే లేవాలన్న నియమం అసలే ఉండదు. "ఈ వారం భయంతోనే డ్యూటీకి వెళ్లాను, ప్రార్థించండి" అన్నా చాలు. అది కూడా అనాలనిపించకపోతే నీళ్లు ఇవ్వండి. కూడికలో దాహమైనవారికి అదే ముందు కావాలి.

చివర పేజీ అంచున, అడ్డంగా, ఇరికించి రాసిన రెండు వాక్యాలు దాదాపు నా కంట పడకుండా పోయాయి. ఆ పెద్దాయన నాలుగో రోజు నడుచుకుంటూ డిశ్చార్జి అయ్యారని, వెళుతూ వెళుతూ ఆయన భార్య మీ చేతిలో రెండు జామకాయలు పెట్టారని. ఏం చేశారో రాయలేదు. తిన్నారా?